భయం వెనకాల చరిత్ర: మన ఆడవాళ్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరు అనగానే అందరికీ సిమెంటు ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. దాని చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, పాలిష్ యూనిట్లు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఉన్న ఈ పల్లెల్లో ఎరుకలవాళ్లు, యానాదులు, సుగాలీలు ఊరికి కొన్ని ఇళ్లుగా, అక్కడక్కడ తండాలుగా బతుకుతున్నారు. ఇది ఏజెన్సీ ప్రాంతం కాదు. కాబట్టి ఇక్కడి గిరిజన ఆడవాళ్ల ఆరోగ్యం గురించి విడిగా పట్టించుకునేవాళ్లు తక్కువ. మన గురించి మనమే రాసుకోవాలి.

2024 నవంబరులో మన రాష్ట్రంలో ఇంటింటికీ తిరిగి క్యాన్సర్ లక్షణాలు అడిగే సర్వే మొదలైంది. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, ఈ మూడింటి గురించి అడుగుతారు. మొదటి రెండింటికీ జవాబు చెప్పే ఆడవాళ్లు మూడోదాని దగ్గర మాట తప్పిస్తారు. "నాకేం రోగం లేదు, నేనెందుకు రావల్ల?" అంటారు. కూలి పోతుందంటారు. ఇంకోసారి చూద్దామంటారు. విన్నవాళ్లు "వీళ్లకు చదువు లేదు, అందుకే భయం" అని తేల్చేస్తారు. చదువుకున్న మన పిల్లలు కూడా అదే మాట అంటున్నారు. అది సగం నిజమే. ఆ భయానికీ, ఆ సిగ్గుకూ చరిత్ర ఉంది. అది తెలుసుకోకపోతే ఎన్ని క్యాంపులు పెట్టినా మన వాళ్లు ఒకసారి వచ్చి మళ్లీ రారు.

జబ్బు ఏమిటి, పరీక్ష ఏమిటి

గర్భసంచి కింది భాగంలో, యోని పైన ఉండే సన్నని మెడనే గర్భాశయ ముఖద్వారం అంటారు. అక్కడ వచ్చే క్యాన్సర్‌కు దాదాపు అన్ని కేసుల్లోనూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇది కాపురం చేసే ఆడవాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఉండిపోయి పది, ఇరవై ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారుతుంది. అంటే పసిగట్టడానికి మనకు చాలా సమయం ఉంది. ఇంత సమయం ఇచ్చే క్యాన్సర్లు తక్కువ.

అయినా 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా లక్షా 27 వేలమందికి పైగా ఈ జబ్బు బారిన పడుతున్నారు, దాదాపు 80 వేలమంది చనిపోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, ఎప్పుడైనా ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

పరీక్ష పెద్దదేమీ కాదు. మన ఆరోగ్య కేంద్రాల్లో చేసేదాన్ని వీఐఏ అంటారు. వంటకు వాడే వెనిగర్ లాంటి పలచటి ఎసిటిక్ యాసిడ్‌ను దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. అనుమానం ఉన్న చోట తెల్లమచ్చ కనిపిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల లోపు ఆడవాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. లెక్క వేయండి. 30 ఏళ్లకు మొదలుపెట్టిన మనిషి జీవితంలో ఎనిమిది సార్లు రావాలి. మొదటిసారి ఆమె మనసు నొచ్చుకుంటే మిగతా ఏడు సార్లూ పోయినట్టే. ఈ పరీక్షలో మనసు సంగతి ఎందుకంత ముఖ్యమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఎవరి సిగ్గుకు విలువ ఇచ్చారు

పరాయి మగవాడి ముందు పరీక్షకు ఒళ్లు చూపించాలంటే సిగ్గుపడటం మన వాళ్లకే ఉన్న గుణం కాదు. కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం నాటి మాట ఇది. 1890ల్లో తమిళనాడులోని తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఐడా స్కడర్ అనే అమెరికన్ అమ్మాయి దగ్గరికి వచ్చారు. వాళ్లలో ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముస్లిం. ఆ అమ్మాయికి వైద్యం రాదు. ఆమె తండ్రి డాక్టరే, కానీ ఆయన మగవాడు. ఆయన రావడానికి ముగ్గురూ ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రి చూసిన దాంతోనే ఆమె వైద్యం చదివి వచ్చి వేలూరులో ఆసుపత్రి పెట్టింది. ఈరోజు రాయలసీమ నుంచి ఎంతోమంది వెళ్లే సీఎంసీ ఆసుపత్రి అదే.

అంతకుముందే, 1885లో, మేరీ షార్లీబ్ అనే డాక్టరమ్మ మద్రాసులో ఆడవాళ్ల కోసం ఒక ఆసుపత్రి మొదలుపెట్టింది. దాని పేరులోనే 'కులస్త్రీలు, ఘోషా స్త్రీల' కోసం అని ఉంది. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరికి రారు కాబట్టి ఆడ డాక్టర్లతో, వాళ్లకు తగిన ఏర్పాట్లతో ఆసుపత్రి కట్టారు. మంచి పనే. దాని వల్ల ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ ఆ పేరులో బుట్టలు అల్లే ఎరుకల ఆడమనిషి లేదు, ఎలుకలు పట్టి బతికే యానాది ఆడమనిషి లేదు. వాళ్లు వీధుల్లో తిరిగేవాళ్లు, పరదా లేనివాళ్లు. కాబట్టి వాళ్లకు సిగ్గు కూడా ఉండదనుకున్నారు. ఒకరి సిగ్గుకు ఆసుపత్రి కట్టిన కాలంలోనే ఇంకొకరి సిగ్గు లెక్కలోకి రాలేదు. ఇవాళ్టికీ క్యాంపులో తెర సరిగా లేకపోతే "వీళ్లకేంలే" అనే మాట వినిపిస్తుందంటే దాని మూలం అంత పాతది.

ఈ పరీక్ష ఎవరి ఒంటి మీద పుట్టింది

ముఖద్వారం చూడటానికి వాడే స్పెక్యులమ్ చరిత్రలో అమెరికాకు చెందిన మేరియన్ సిమ్స్ పేరు వస్తుంది. 1845 నుంచి 1849 వరకు అలబామా రాష్ట్రంలో ఆయన నల్లజాతి బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మాత్రం చరిత్రలో మిగిలాయి. వాళ్లు వద్దు అనే హక్కు లేని మనుషులు.

తర్వాత ముఖద్వారం నుంచి కణాలు తీసి సూక్ష్మదర్శినిలో చూసే 'పాప్ స్మియర్' పరీక్షను జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు డాక్టరు న్యూయార్క్‌లో కనిపెట్టాడు. ఆ పరిశోధన కోసం ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది ఆయన భార్య ఆండ్రోమకే. ఆమె తెలిసి, ఇష్టపడి ఇచ్చింది. 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ ఇదే క్యాన్సర్‌తో బాల్టిమోర్‌లో చనిపోయింది. ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ఇప్పటికీ ప్రపంచంలోని ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఈ క్యాన్సర్‌కు వైరస్ కారణమని తేల్చి 2008లో నోబెల్ బహుమతి అందుకున్న హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందానికి, హెచ్‌పీవీ 18 రకం ఆమె కణాల్లోనూ కనిపించింది.

ఈ ముగ్గురి కథలూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చెప్పాలి. ఒకరిని బలవంతంగా పడుకోబెట్టారు. ఒకరు ఇష్టంతో ఇచ్చారు. ఒకరిని అడగనే లేదు. పరికరం అదే, పని దాదాపు అదే. అడగడంలోనే తేడా అంతా ఉంది.

పేరు రాస్తే ఏమవుతుంది

మన ఆడవాళ్ల భయానికి ఇంకో వేరు ఉంది. అది రిజిస్టర్ భయం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్లను ఆ చట్టం కింద చేర్చారు. పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చిన స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ మనందరికీ తెలిసిందే. అదే రోజుల్లో ఎడ్గర్ థర్‌స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి దక్షిణాది కులాలు, తెగల గురించి పుస్తకాలు రాయడానికి మన వాళ్ల తలలూ ముక్కులూ కొలిపించాడు. కొలిచినవాళ్లకు పుస్తకం దొరికింది. కొలిపించుకున్నవాళ్లకు ఏమీ దొరకలేదు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా పోలీసులు దొంగతనం జరిగితే ముందు మన గుడిసెల దగ్గరికే రావడం పోలేదు. పేరు, ఊరు, వేలిముద్ర అడిగారంటే ఏదో ఆపద వస్తుందని అవ్వలు అమ్మలకు చెప్పారు, అమ్మలు కూతుళ్లకు చెప్పారు. ఇప్పుడు నర్సమ్మ వాకిట్లోకి వచ్చి ట్యాబ్ తీసి, పేరూ ఆధార్ నంబరూ అడిగి, ఆ తర్వాత "తెల్లబట్ట అవుతుందా, మధ్యలో రక్తం కనిపిస్తుందా" అని అడిగితే ఆమె ఎందుకు తలుపు వెనక్కి వెళుతుందో అర్థం చేసుకోవచ్చు. నర్సమ్మ తప్పు లేదు. ఆమెకు ఆ చరిత్ర ఎవరూ చెప్పలేదు.

క్యాంపు అనే మాట

1976-77లో, ఎమర్జెన్సీ కాలంలో, దేశంలో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఎక్కువ మగవాళ్లకే. లెక్క పూర్తి చేయాలని బలవంతాలు జరిగాయి. ఆ కోపం 1977 ఎన్నికల్లో కనిపించింది. తర్వాత మగవాళ్ల ఆపరేషన్లు తగ్గి భారం ఆడవాళ్ల మీద పడింది. టార్గెట్లు పెట్టే పద్ధతిని 1996లో తీసేశామన్నారు, కానీ క్యాంపుల పద్ధతి కొనసాగింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్ చేశాడు. వాళ్లలో పదిమందికి పైగా చనిపోయారు.

పెళ్లయిన ఆడవాళ్లలో ఎక్కువమంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. మన వాళ్లలో చాలామంది పాతికేళ్లు నిండకముందే ఆ పని ముగిస్తారు. చాలామందికి ఆసుపత్రితో చివరి పరిచయం అదే. వరసలో పడుకోబెట్టడం, అరవడం, తొందరపెట్టడం, అదే వాళ్ల మనసులో ఉన్న ఆసుపత్రి. ముప్పై దాటాక మళ్లీ "క్యాంపుకు రా" అంటే ఒంటికి ముందు గుర్తొచ్చేది ఆ బల్లే. ఇంకొందరు "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక నాకు గర్భసంచి రోగం రాదు" అనుకుంటారు. ఆ ఆపరేషన్ గొట్టాలకు చేసేది. ముఖద్వారం అలాగే ఉంటుంది. ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ఖమ్మంలో మనం పెట్టిన సంతకాలు

ఇక ఉపాధ్యాయులు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. సుమారు 14 వేలమంది పిల్లలు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాగే చేశారు. టీకా వేయించుకున్న పిల్లల్లో ఖమ్మంలో ఐదుగురు, వడోదరలో ఇద్దరు చనిపోయారని బయటకు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు.

ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. ప్రపంచంలో చాలా దేశాలు ఈ టీకా వేస్తున్నాయి, మేలు చేస్తోంది కూడా. కానీ ఆ కమిటీ చూసిన అనుమతి పత్రాల సంగతి వేరు. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

తమ బిడ్డకు ఏ సూది వేశారో తెలియని తల్లి, "అది గర్భసంచి క్యాన్సర్ రాకుండా వేసిన సూది" అని తర్వాత విని ఉంటుంది. ఆ తల్లికి ఇప్పుడు సరిగ్గా పరీక్ష చేయించుకోవలసిన వయసు. అదే క్యాన్సర్ పేరు చెప్పి పిలిస్తే ఆమె మనసులో ఏముంటుందో మనం ఊహించగలం. టీకా మంచిదా కాదా అన్న వాదన ఒకటి. అడగకుండా వేయడం వల్ల పోయిన నమ్మకం ఇంకొకటి. రెండోదానిలో మన వృత్తికి భాగం ఉంది.

భయంతో వ్యాపారం

భయం ఎప్పుడూ మనిషిని ఆసుపత్రికి దూరం చేయదు. కొన్నిసార్లు పరుగెత్తిస్తుంది, అదీ ప్రమాదమే. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. అన్ని రాష్ట్రాల్లోకీ మనదే ఎక్కువ. తెల్లబట్ట అవుతోందనీ, నడుము నొప్పనీ వెళ్లిన పేద ఆడవాళ్లకు "ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం" అన్న మాట ఎన్నో పల్లెల్లో వినిపించింది. అప్పు చేసి తీయించుకున్నవాళ్లు ఉన్నారు. అండాశయాలు కూడా పోతే ముప్పై అయిదేళ్లకే ఎముకలు బలహీనపడి, వేడి ఆవిర్లతో, రాళ్లు మోసే పనికి పోలేక కూర్చున్నవాళ్లు ఉన్నారు.

తెల్లబట్ట చాలాసార్లు మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. ముందుగా పరీక్ష చేసుకుని ఏమీ లేదని తెలిస్తే ఎంతోమందికి ఆ కోత తప్పేది. కాబట్టి పరీక్షకు పిలిచేటప్పుడు "రాకపోతే చచ్చిపోతావు" అని బెదిరించడం మంచి పద్ధతి కాదు. బెదిరించి తెచ్చిన మనిషి ఒక్కసారి వస్తుంది. ఆ బెదురే ఆమెను రేపు ఇంకెవరి బల్ల మీదికో తీసుకుపోతుంది.

వచ్చిన చోట ఎందుకు వచ్చారు

ఆడవాళ్లు రారు అనే మాట నిజం కాదని చెప్పే ఉదాహరణలు మన పొరుగునే ఉన్నాయి. తమిళనాడు దిండిగల్ జిల్లా పల్లెల్లో శిక్షణ పొందిన నర్సులు వీఐఏ పరీక్ష చేశారు. పిలిచిన 49 వేలమందిలో 63 శాతం మంది వచ్చారు. ఒక్కసారి చేసిన ఆ పరీక్షతోనే ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో ఫలితాలు వచ్చాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా 31 వేలమందితో చేసిన అధ్యయనంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా మరణాలు సగానికి తగ్గాయని 2009లో తేలింది.

ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన పని మనకు ఇంకా దగ్గరిది. అక్కడ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివిన ఆడవాళ్లకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, రెండేళ్లకోసారి నాలుగు విడతలు చేయించారు. 89 శాతం మంది పాల్గొన్నారు. మరణాలు 31 శాతం తగ్గాయి. ఈ అధ్యయనాల్లో పోల్చి చూడటానికి కొన్ని వేల మందికి పరీక్ష చేయకుండా వదిలేయడం న్యాయమా అన్న ప్రశ్నను చాలామంది లేవనెత్తారు. ఆ ప్రశ్న సరైనదే. అందులోనూ పేదవాళ్లే ఉన్నారు. కానీ పదో తరగతి చదివిన ఆడపిల్ల ఈ పని చేయగలదు, ఆమె చేస్తే ఆడవాళ్లు వస్తారు అన్న సంగతిని మనం వదులుకోకూడదు. మన తండాల్లో, మన ఎరుకల వీధుల్లో పది, ఇంటర్ చదివిన ఆడపిల్లలు ఇప్పుడు ఉన్నారు.

ఇంకో దారి కూడా వచ్చింది. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఆడమనిషి తనే, చాటున, చిన్న బ్రష్‌తో తీసి ఇవ్వవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఆమోదించింది. బల్ల మీద పడుకోవలసిన పని లేదు. మన ఆరోగ్య కేంద్రాల్లో ఇది కావాలని గట్టిగా అడగవలసింది యువకులే.

మనం చేయగలిగింది

ఉపాధ్యాయులుగా, చదువుకున్న పిల్లలుగా మన వంతు కొంత ఉంది. క్యాంపు రోజున పిలవడం కాదు, నెల ముందే తల్లుల సమావేశంలో, డ్వాక్రా సంఘంలో పరీక్ష ఎలా చేస్తారో దాచకుండా చెప్పాలి. ఈ వైరస్ వచ్చిందంటే మొగుడిదో పెళ్లాందో నడత చెడ్డదని అర్థం కాదని మగవాళ్లకు విడిగా చెప్పాలి. పరీక్ష చేసేది ఆడమనిషేనా, తెర ఉందా, తలుపు మూస్తారా అని ముందే వెళ్లి చూసి రావాలి. నలుగురైదుగురు కలిసి వెళ్లేలా, కూలి లేని రోజు పెట్టించాలి. పేరు ఎందుకు రాస్తున్నారో, ఎవరు చూస్తారో చెప్పిన తర్వాతే రాయమనాలి. ఏమీ లేదని తేలినా ఆ మాట ఇంటికి వచ్చి చెప్పమని అడగాలి. ఫలితం తెలియని మనిషి రెండోసారి రాదు. తెల్లమచ్చ కనిపించిన మనిషిని ఒంటరిగా పెద్దాసుపత్రికి పంపకుండా తోడు ఏర్పాటు చేయాలి. వద్దన్న మనిషి వద్దనే మాటను గౌరవించి, ఆరు నెలల తర్వాత మళ్లీ అడగాలి.

ఎరుకల ఆడవాళ్లు ఊరూరా తిరిగి ఎరుక చెప్పిన రోజుల్లో పెద్దిళ్ల ఆడవాళ్లు కూడా తమ ఒంటి బాధలూ మనసు బాధలూ వాళ్లకు చెప్పుకున్నారు. ఎరుకలసాని గడప దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, ముందు వినేది, తర్వాత మాట్లాడేది. జోస్యం సంగతి పక్కన పెడదాం. చెయ్యి పట్టుకుని వినే ఆ ఓపిక మన అవ్వలదే. మన పిల్లల్లో ఎవరు నర్సమ్మగానో ఆశా కార్యకర్తగానో వెళ్లినా ఆ ఓపికను వెంట తీసుకుపోవాలి.

ఎవరి బదులు ఎవరూ సంతకం పెట్టకూడదు. చదవలేని తల్లికి కాగితంలో ఉన్నది చదివి వినిపించడం మాత్రం ఉపాధ్యాయుడి పనే.